సరుకుల సంచీలతో పార్కుకి వెళ్ళలేం

ప్రశ్న: మేము మ్యూనిక్ శివార్లలో ఉంటాం. వచ్చి రెండేళ్ళు దాటింది. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నేను ఈమధ్యే పార్ట్‌టైమ్‌లో చేరాను. బాబుకి తొమ్మిదేళ్ళు, పాపకి నాలుగు. కారు లేదు. మా శనివారాలన్నీ ఒక్కలాగే గడుస్తాయి. ఇంటిపని ముగించుకుని పదకొండింటికి నలుగురం బయల్దేరతాం. ముందు ఫాండ్ సీసాలు (కొన్నప్పుడు కట్టిన డిపాజిట్ తిరిగొచ్చే ఖాళీ సీసాలు) వాపసు ఇచ్చి, ఇక్కడి సూపర్‌మార్కెట్‌లో పాలు, పళ్ళు, కూరలు కొంటాం. తర్వాత సిటీలోకి వెళ్ళి, మెయిన్ స్టేషన్ దగ్గర ఇండియన్ షాపులో బియ్యం, పప్పులు, కరివేపాకు. మధ్యలో పిల్లలకి బూట్లో, జాకెట్టో ఏదో ఒకటి ఉంటుంది. "ఇవన్నీ అయ్యాక పార్కుకి తీసుకెళ్తాం" అని పిల్లలకి చెప్తాం. పోయిన శనివారం అన్నీ అయ్యేసరికి ఆరు దాటింది, చీకటి పడిపోయింది. పాప స్ట్రోలర్లోనే నిద్రపోయింది. బాబు ఎస్-బాన్ లోకల్ రైల్లో "శనివారం కంటే స్కూలే నయం" అన్నాడు. మావారు "నీ లిస్టు ఎప్పటికీ తెమలదు" అన్నారు. నేనూ ఊరుకోలేదు. ఆదివారం షాపులుండవు కాబట్టి అందరం ఇంట్లోనే, ఎవరి ఫోను వాళ్ళది.

ఆయన ఎటైనా తీసుకెళ్తే నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట లాంటి పెద్ద ప్రోగ్రామే వేస్తారు. "ఎన్నాళ్ళుంటామో తెలీదు, ఉన్నన్నాళ్ళు చూసేయాలి" అంటారు. నాకు ఆ పరుగు వద్దనిపిస్తుంది. మా అత్తగారు మొన్ననే వచ్చారు, మే నెలాఖరు దాకా ఉంటారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. "నన్నెందుకు తిప్పుతార్లే" అని వారమంతా కిటికీ దగ్గరే కూర్చుంటారు. ఇకనుంచి నేనొక్కదాన్నే వెళ్ళి సరుకులు తెచ్చేస్తే ఈ గొడవ వదులుతుందా? మరి నాకంటూ శనివారం ఏం మిగులుతుంది?
– ఒక పాఠకురాలు, మ్యూనిక్

సమాధానం:

ఒక్కరే వెళ్ళి తెస్తే గొడవ వదలదు, మొత్తం మీ నెత్తిన పడుతుంది. పది కిలోల సోనా మసూరి బస్తాతో స్టేషన్‌కి వచ్చి, లిఫ్టు పనిచేయడం లేదన్న కాగితం చూసిన మనిషికి ఇంట్లో వాళ్ళ మీద ఎంత ప్రేమ పుట్టుకొస్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఆ ఆలోచన పక్కన పెట్టండి.

మీ లిస్టులో తప్పు లేదు. నలుగురు, ఇప్పుడు అయిదుగురు తినే ఇంటికి అన్ని సరుకులూ కావాలి. మీ ఆయన విసుగులో కూడా పెద్ద తప్పేమీ లేదు, ఆ రోజు మీరూ విసిగిపోయే ఉన్నారు. తిరకాసంతా షికారుని సరుకుల వెనకాల కట్టడంలో ఉంది. సరుకుల పని ఎప్పుడు ముగుస్తుందో మన చేతిలో ఉండదు. క్యూ, ట్రామ్ ఆలస్యం, మర్చిపోయిన ఇంగువ, అన్నీ కలిసి తినేసేది చివర్లో పెట్టిన పార్కు టైమునే. పిల్లలకి ఇచ్చిన మాట ఎప్పుడూ చివర ఉంటుంది కాబట్టి ఎప్పుడూ అదే పోతుంది. తొమ్మిదేళ్ళ పిల్లవాడికి ఈ లెక్క మనకన్నా ముందే అర్థమవుతుంది.

ముందు శనివారం సంగతి చూద్దాం. ఇక్కడ ఆదివారం దుకాణాలు మూసి ఉంచడం వట్టి అలవాటు కాదు. 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో 139వ అధికరణం ఆదివారాన్ని విశ్రాంతి దినంగా కాపాడింది. 1949లో వచ్చిన ఇప్పటి రాజ్యాంగం తన 140వ అధికరణం ద్వారా దాన్ని అలాగే నిలుపుకుంది. పైగా జర్మనీలో చాలా రాష్ట్రాల్లో రాత్రి పదింటి దాకానో, ఇంకా పొద్దుపోయే దాకానో షాపులు తెరిచి ఉంటాయి గానీ, మ్యూనిక్ ఉన్న మన బవేరియా రాష్ట్రంలో ఎనిమిదింటికి షట్టర్ పడిపోతుంది. దాంతో ఊరంతా శనివారం మధ్యాహ్నమే షాపుల మీద పడుతుంది. సరిగ్గా అదే టైముకి స్ట్రోలర్ తోసుకుంటూ మీరు వెళ్తున్నారు. క్యాష్ కౌంటర్ దగ్గర ఆవిడ సరుకుల్ని స్కాన్ చేసి విసిరే వేగానికి ఒంటరి మనిషే తట్టుకోలేడు. ఒక చేత్తో పాపని పట్టుకుని, ఇంకో చేత్తో పెరుగు డబ్బాలు అందుకుంటూ, వెనక క్యూలో వాళ్ళ చూపులు భరిస్తూ, సంచీలో గుడ్ల మీద బంగాళాదుంపలు పడకుండా చూసుకోవాలి. ఆ పది నిమిషాల టెన్షన్ సాయంత్రం దాకా దిగదు.

కాబట్టి సరుకుల్ని శనివారం నుంచి బయటికి లాగండి. మీ లిస్టు ఒక్కటిలా కనిపిస్తుంది గానీ అందులో మూడు లిస్టులున్నాయి. పాలు, బ్రెడ్డు, పళ్ళు, ఉల్లిపాయలు, టమాటాలు వారం వారం కావాలి, ఇంటి దగ్గరే దొరుకుతాయి. వీటిని మంగళవారమో బుధవారమో సాయంత్రం ఏడింటికి ఆఫీసు నుంచి వచ్చేవాళ్ళు తెచ్చేయొచ్చు. ఆ టైముకి షాపు సగం ఖాళీగా ఉంటుంది, ఒక్కరే వెళ్తే అరగంట పని. రెండోది బరువు సరుకు: బియ్యం, కందిపప్పు, మినపగుళ్ళు, గోధుమపిండి, నూనె. నెలకోసారి చాలు, ఇంటికి పంపే ఆన్‌లైన్ ఇండియన్ షాపులు జర్మనీలో చాలానే ఉన్నాయి. డెలివరీకి నాలుగు యూరోలు పోతాయని బాధపడతాం గానీ, ఆ బస్తా మోసుకొచ్చిన రోజు అలసిపోయి బయట తిన్నదానికి ఎంతయిందో ఎవరూ కలపరు.

మూడోది కరివేపాకు, బెండకాయలు, దొండకాయలు, పచ్చిమిర్చి. వీటి కోసమే కదా శనివారం సిటీలోకి వెళ్ళేది. అసలు తాజా కూరలు ఏ రోజు వస్తాయో షాపు ఆయన్ని ఎప్పుడైనా అడిగారా? అడిగితే చెప్తారు. శనివారం మధ్యాహ్నం వెళ్ళేవాళ్ళకి మిగిలేవి ముదురు బెండకాయలే. దాదాపు అన్ని ఎస్-బాన్ లైన్లూ మెయిన్ స్టేషన్ మీదుగానే పోతాయి. మీ ఆయన ఆఫీసు దారి అటుగా ఉంటే, సరుకు వచ్చిన రోజు సాయంత్రం అక్కడ దిగి, ఒక్క సంచీ నింపుకుని తర్వాతి బండి ఎక్కితే సరి. అటుగా లేకపోతే పదిహేను రోజులకోసారి పెట్టుకోండి. కరివేపాకు కడిగి, తడి లేకుండా ఆరబెట్టి డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో పడేస్తే పోపుకి ఏం తేడా తెలీదు. మునక్కాడలు, గోంగూర ఎలాగూ ఫ్రోజెన్ ప్యాకెట్లే కొంటున్నాం.

ఆదివారం పాలు అయిపోతే ఏం చేయాలన్న భయం కూడా శనివారం లిస్టుని పెంచుతుంది. పెద్ద స్టేషన్లలో, ఎయిర్‌పోర్టులో ఆదివారం కూడా తెరిచి ఉండే షాపులున్నాయి. లీటరు పాల కోసం ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళు నాకు తెలుసు. అంతదాకా రాకుండా, బయటే ఉంచినా పాడవని టెట్రా ప్యాక్ పాలు రెండు అటక మీద పడేసి ఉంచండి. కాఫీకి రుచి కాస్త తగ్గుతుంది, అంతే.

ఇవన్నీ తీసేశాక శనివారానికి ఫాండ్ సీసాలు మాత్రం ఉంచండి. ఇది పిల్లలకే వదిలేయమని నా సలహా. మీ బాబు స్కూలే నయం అన్నాడు కదా, ఎందుకన్నాడో ఆలోచించండి. స్కూల్లో వాడికి పని ఉంది, మాట ఉంది, స్నేహితులున్నారు. మీ శనివారంలో వాడు సంచీలతో పాటు ఒక సంచీ. ఎక్కు, దిగు, ఇక్కడ నిలబడు, చెల్లిని చూడు, ఇంతే. వాడికి నిజంగా ఒక పని అప్పజెప్పి చూడండి. ఖాళీ సీసాలు, క్యాన్లు నలిపేయకుండా సంచీలో వేయడం, మెషీన్ గుండ్రటి కంతలో ఒక్కొక్కటే పెట్టడం వాడికి చేతనవును. లోపల సీసా గిర్రున తిరిగి, బార్‌కోడ్ చదివించుకుని గుటుక్కున మాయమవుతుంటే పాప పది సార్లు చప్పట్లు కొడుతుంది. మెషీన్ ఏదైనా సీసాని వెనక్కి నెట్టేస్తే లేబుల్ చిరిగిందా, నలిగిందా, ఆ షాపు తీసుకోని రకమా అని వాడే కనుక్కుంటాడు. ఆఖర్న బటన్ నొక్కితే వచ్చే చీటీ కౌంటర్లో ఇచ్చి డబ్బులు తీసుకోవాలి. ప్లాస్టిక్ సీసాకీ, క్యాన్‌కీ 25 సెంట్లు, మళ్ళీ మళ్ళీ నింపే సీసాలకి 15, బీరు సీసాకి 8. ఇరవై నీళ్ళ సీసాలంటే 5 యూరోలు. ఆ డబ్బు పిల్లలదే అని చెప్పండి, ఆదివారం ఐస్‌క్రీమ్ దాంతోనే. చివరికి చిల్లర తగ్గితే కౌంటర్ ఆవిడతో జర్మన్‌లో మాట్లాడేది కూడా వాడే. మనింట్లో ఆ భాష మనకన్నా వాళ్ళకే బాగా వచ్చని ఒప్పేసుకుందాం. ఊరగాయ సీసాలు, జామ్ సీసాలు మాత్రం మెషీన్ తీసుకోదు, అవి వీధిలో రంగు వారీగా పెట్టిన గాజు డబ్బాల్లోకి పోవాలి. ఆదివారం వాటిలో వేయకూడదు. ఆ చప్పుడికి పక్క బిల్డింగ్ పెద్దాయన కిటికీ తెరుస్తాడు.

ఇంకో మాట. సరుకులకైనా సీసాలకైనా నలుగురూ కలిసి కదలాల్సిన అవసరం ఏముంది? ఒక పెద్ద, ఒక చిన్న వెళ్తే చాలు. ఒకసారి వాళ్ళ నాన్నతో బాబు, ఇంకోసారి మీతో పాప. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒక్కరికే అమ్మో నాన్నో మొత్తంగా దొరికే గంట చాలా అరుదు. అది సూపర్‌మార్కెట్‌లో దొరికినా వాళ్ళకి పర్లేదు.

పార్కు విషయానికొద్దాం. చలికాలంలోనైతే పార్కు పొద్దున్నే అయిపోవాలి. డిసెంబరులో మ్యూనిక్‌లో సాయంత్రం నాలుగున్నర కాకముందే సూర్యుడు వెళ్ళిపోతాడు, జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా కదలడు. ఇప్పుడు మార్చి కదా, ఈ నెల ఆఖరి ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుపుతారు. అప్పటినుంచి సాయంత్రాలు మీవే. అయినా సరే, ఏదైనా కొనాల్సి ఉన్న రోజు పార్కు ముందు, షాపు తర్వాత. షాపులో వస్తువు దొరక్కపోతే ఎవరూ ఏడవరు.

ఆదివారం అందరూ ఇంట్లో ఫోన్లలో ఉంటున్నామన్నారు. షాపులు మూసేస్తే ఊళ్ళో ఇంకేం లేదన్న లెక్క మనకి అలవాటైపోయింది, మాల్‌కి వెళ్ళడమే షికారు అనుకునే ఊళ్ళ నుంచి వచ్చాం కదా. ఇక్కడివాళ్ళకి ఆదివారమే అసలు షికారు రోజు. పొద్దున బేకరీ కొన్ని గంటలు తెరుస్తారు, బాబుని పంపి వేడి బ్రెజెలు (ముడిలా చుట్టిన రొట్టెలు) తెప్పించండి. వాడు వచ్చేలోపు పులిహోర కలిపేస్తే పదింటికి ఇల్లు కదలొచ్చు.

పులిహోర ఎక్కడ తింటారంటే, బీర్ గార్డెన్‌లో. నవ్వకండి. బీరు తాగని కుటుంబాలు కూడా పిల్లాపాపలతో వెళ్ళే చోటు అది. 1812లో బవేరియా రాజు మాక్సిమిలియన్, తిండి అమ్మడానికి వీల్లేదు, బీరు అమ్ముకోండి, తోడుగా బ్రెడ్డు ఇవ్వొచ్చు అని బ్రూవరీల వాళ్ళకి ఉత్తర్వు ఇచ్చాడు. హోటళ్ళ వాళ్ళ గోల పడలేక చేసిన ఏర్పాటు అది. దాంతో జనం తమ తిండి తామే మోసుకెళ్ళడం మొదలుపెట్టారు, ఆ హక్కు ఇప్పటికీ ఉంది. 1999లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన బీర్ గార్డెన్ నిబంధనల వివరణలో కూడా దాన్ని రాసుకున్నారు. తాగేవి మాత్రం అక్కడే కొనాలి, పిల్లలకి సోడా కలిపిన ఆపిల్ జ్యూస్ దొరుకుతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: బల్ల మీద గుడ్డ పరిచి ఉంటే అది వడ్డించే భాగం, అక్కడ డబ్బా తెరవకూడదు. వట్టి చెక్కబల్ల అయితే నిశ్చింతగా పులిహోర, దద్దోజనం, ఆవకాయ, అన్నీ బయటికి తీయొచ్చు. పక్కన కూర్చున్న ముసలాయన ముల్లంగి ముక్కల మీద ఉప్పు చల్లుకుంటూ మీ డబ్బా వైపు చూస్తాడు. ఒక ముద్ద పెట్టండి, ఆయన ముల్లంగి ఇస్తాడు.

మీ పిల్లల వయసుకి నేను చెప్పేది హిర్ష్‌గార్టెన్. ఆ పేరుతోనే ఎస్-బాన్ స్టేషన్ ఉంది. దాదాపు 8000 మంది కూర్చోగలిగే బీర్ గార్డెన్ అది, పక్కనే కంచె లోపల జింకలు, చుట్టూ పార్కు, ఆటస్థలాలు. పాప జింకల దగ్గర నుంచి కదలదు, బాబు ఉయ్యాలల మీద, తాళ్ళ మీద మాయమైపోతాడు. మీరిద్దరూ బల్ల దగ్గర కూర్చుని ఇద్దర్నీ చూస్తూ మాట్లాడుకోవచ్చు. సీజన్ ఎండ మీద ఆధారపడి ఉంటుంది, ఎండ బాగా కాస్తే మార్చిలోనే బల్లలు వేస్తారు. ఎండ లేకపోతే జింకలు ఎలాగూ ఉంటాయి.

వాన పడితే? పిల్లలకి వాన కోసం కొన్న రబ్బరు ప్యాంట్లు ఉన్నాయిగా, బురదలోకి వదిలేయండి. మరీ జోరు వానైతే ఆదివారం పినాకోథెక్ అనే చిత్రకళా మ్యూజియంలలో టికెట్ ఒక్క యూరో, 18 ఏళ్ళ లోపు పిల్లలకి అసలు టికెట్టే లేదు. గంట చూసి విసుగొస్తే బయటికొచ్చేయొచ్చు, డబ్బులు పోయాయన్న బాధ ఉండదు.

మీ అత్తగారి దగ్గర కాస్త ఆగుతాను. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండగలరు. ఆవిడ మళ్ళీ ఎప్పుడొస్తారో, మోకాళ్ళు అప్పటికి ఎలా ఉంటాయో ఎవరూ చెప్పలేరు. "నన్నెందుకు తిప్పుతార్లే" అన్న మాటని ఆవిడకి రావాలని లేదని తీసుకోకండి. నా వల్ల మీకు ఆలస్యమవుతుంది, ఖర్చవుతుంది అని ఆ మాట వెనక ఉన్న సంకోచం. మన పెద్దవాళ్ళు అడిగితే ముందు వద్దనే అంటారు. కాబట్టి "వస్తారా అత్తయ్యా" అని అడగొద్దు. "రేపు పదింటికి బయల్దేరాలి, పాపని మీరు పట్టుకోవాలి, శాలువా తీసి పెట్టుకోండి" అని చెప్పేయండి. చేతిలో పని ఉంటే ఆవిడ వస్తారు.

ఆవిడతో వెళ్ళేటప్పుడు చోటు కంటే ముందు చూడాల్సినవి లిఫ్టు, బెంచీ, టాయిలెట్. స్టేషన్లో లిఫ్టు పనిచేస్తోందో లేదో బయల్దేరే ముందే ఫోన్లో చూసుకోవచ్చు. పర్సులో 50 సెంట్ల నాణేలు నాలుగు వేరుగా ఉంచండి, టాయిలెట్ దగ్గర చిల్లర వెతుక్కునే అవస్థ పెద్దవాళ్ళకి పెట్టకూడదు. ఎస్6 లైను రైలెక్కి ష్టార్న్‌బెర్గ్‌లో దిగితే స్టేషన్ పక్కనే చెరువు. చెరువంటే మన ఊరి చెరువు కాదు, అవతలి ఒడ్డున కొండలు కనిపించేంత పెద్దది. బెంచీ మీద కూర్చుంటే ఎదురుగా హంసలు, ఆకాశం తేటగా ఉన్న రోజు ఆల్ప్స్. ఒడ్డు వెంట ఎక్కడమూ దిగడమూ లేదు. అంత దూరం వద్దనుకుంటే నింఫెన్‌బుర్గ్ రాజభవనం తోట ఉంది. భవనం లోపలికి టికెట్ కావాలి, తోటకి అక్కర్లేదు, దారులు చదునుగా ఉంటాయి. ఫ్లాస్కులో టీ పోసుకెళ్ళండి. ఆవిడ అక్కడ ఫోన్ తీసి చెల్లెలికి వీడియో కాల్ చేసి, ఇదిగో రాజుగారి కోట అని చూపిస్తారు చూడండి, ఆ రోజుకి అది చాలు.

ఇక మీ ఆయన పెద్ద ప్రోగ్రాములు. ఇక్కడ నేను ఆయన పక్షాన కూడా కొంచెం మాట్లాడతాను. "ఎన్నాళ్ళుంటామో తెలీదు" అన్నది బయటి దేశంలో ఉండే ప్రతి ఇంట్లోనూ ఉన్న మాటే. ఉద్యోగం మారొచ్చు, అమ్మానాన్నల ఆరోగ్యం బాగోక తిరిగి వెళ్ళాల్సి రావొచ్చు. అప్పుడు రెండు గంటల దూరంలో ఉన్న కోటని చూడనే లేదే అని బాధపడేది ఆయన ఒక్కరే కాదు. ఆయనకి నెలకో శనివారం ఇవ్వండి. సరుకులు వారం మధ్యలోకి వెళ్ళిపోయాయి కాబట్టి ఆ రోజు ఖాళీయే. కారు లేకపోయినా ఇబ్బంది లేదు. బయర్న్-టికెట్ ఒక్కటి తీసుకుంటే అయిదుగురి దాకా రోజంతా బవేరియాలో రీజనల్ రైళ్ళలో తిరగొచ్చు, ఇద్దరికో ముగ్గురికో తీసుకుంటే తలకి కొంచెం ఎక్కువ పడుతుంది. మీ బాబు వయసు పిల్లలకి అమ్మానాన్నలతో అయితే విడిగా టికెట్ అక్కర్లేదు, పాపకి అసలే అక్కర్లేదు. మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిది తర్వాతే చెల్లుతుంది గానీ, శని ఆదివారాల్లో ఎంత పొద్దున్నైనా ఎక్కొచ్చు. ఆస్ట్రియాలోని జాల్ట్స్‌బుర్గ్ దాకా కూడా ఇదే టికెట్ పనికొస్తుంది.

అయితే నోయ్‌ష్వాన్‌స్టైన్‌కి అందర్నీ కట్టకట్టి తీసుకెళ్ళమని నేను చెప్పను. మ్యూనిక్ నుంచి కోటకి దగ్గరి ఊరైన ఫ్యూసెన్ దాకా రైల్లో రెండు గంటలు, అక్కడ బస్సు, తర్వాత అరగంటకి పైగా ఎత్తు ఎక్కాలి. గుర్రబ్బండి ఉందిగా అంటారు. అది కూడా కోట గుమ్మం దాకా పోదు, లోపల మెట్లు వందల్లో ఉంటాయి. స్ట్రోలర్ లోపలికి రానివ్వరు. ఇంతా చేసి లోపల చూపించేది గైడుతో అరగంట, అదీ టికెట్ మీద రాసిన నిమిషానికి గేటు దగ్గర ఉంటేనే. నాలుగేళ్ళ పాపతో, మోకాళ్ళ నొప్పులున్న ఆవిడతో ఆ నిమిషాన్ని అందుకోవాలంటే మీరిద్దరూ దారంతా "పద పద" అంటూనే ఉండాలి. మీరు పరుగు అన్నది దీన్నే అయ్యుంటుంది.

అందుకని రెండు జట్లుగా విడిపోండి. మీ ఆయనా బాబూ కోట ఎక్కుతారు. కింద ఊళ్ళోనే ఆల్ప్‌జే అని చెరువుంది, మీరూ పాపా అత్తగారూ అక్కడ ఉంటారు. వాళ్ళు దిగొచ్చేసరికి డబ్బాలు తెరిచి ఉంచితే అందరూ కలిసి తిని రైలెక్కొచ్చు. పై నుంచి ఫోటోలు ఎలాగూ వస్తాయి. 18 ఏళ్ళ లోపు వాళ్ళకి ప్రవేశ రుసుం లేదు కాబట్టి ఖర్చు కూడా దాదాపు ఆయన ఒక్కడి టికెట్టే. అయినా అందరికీ, పిల్లవాడికి కూడా స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి, శనివారాలు అక్కడికి వెళ్ళి కొందామంటే దొరక్కపోవచ్చు.

మీకంటూ ఏం మిగులుతుందని అడిగారు. శనివారం పొద్దున పది నుంచి పన్నెండున్నర దాకా మీదే అని ఇంట్లో చెప్పేయండి. ఆ టైములో ఆయన పిల్లలతో సీసాల పని మీదో, ఆటస్థలానికో వెళ్తారు. మీరు నిద్రపోతారో, ఈతకి వెళ్తారో, కాఫీ పెట్టుకుని అక్కతో ఫోన్ మాట్లాడతారో మీ ఇష్టం, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. బట్టలు మడత పెట్టడం మాత్రం కుదరదు. మరో శనివారం అంతే టైము ఆయనకివ్వండి. ఇది అడగకుండా ఎవరూ ఇవ్వరు, అందుకని అడగమంటున్నాను.

మరి ఇదంతా ఆయనతో ఎలా చెప్పాలి? ఎస్-బాన్‌లో వద్దు, శనివారం అసలే వద్దు. వారం మధ్యలో పిల్లలు పడుకున్నాక లిస్టు కాగితం ముందు పెట్టుకుని కూర్చోండి. "మీ వల్లే" అని మొదలుపెట్టకుండా, మూడు లిస్టులు చేసి "ఇందులో మీరేది తీసుకుంటారు" అని అడగండి. లిస్టు తెమలదన్నారు కదా, ఈ నెల లిస్టు ఆయన్నే రాయమనండి. ఇంట్లో ఏముందో చూసి, డబ్బాలు మూతలు తీసి, నూనె ఎన్నాళ్ళొస్తుందో లెక్కేసి రాసేసరికి ఆయనకే తెలిసొస్తుంది. ఒక షరతు మీరు కూడా పాటించాలి. ఆయన షాపుకి వెళ్ళినప్పుడు ఫోన్ చేసి బ్రాండ్లు చెప్పొద్దు. మినపగుళ్ళ బదులు పెసలు తెస్తే ఆ వారం ఇడ్లీ మానేసి పెసరట్లు పోయండి. ముఖం చిట్లిస్తే వచ్చే నెల ఆ పని మళ్ళీ మీ దగ్గరికే వస్తుంది.

అన్నీ ఒక్కసారే మార్చేయాలని చూడకండి. ఈ వారానికి రెండు చాలు: పాలూ కూరలూ బుధవారం, హిర్ష్‌గార్టెన్ ఆదివారం. బియ్యం ఆర్డర్ మాత్రం ఈస్టర్ లోపల వచ్చేలా పెట్టేయండి. గుడ్ ఫ్రైడే మూత, మధ్యలో శనివారం ఒక్కరోజు తెరుస్తారు, మళ్ళీ ఆదివారం, సోమవారం మూత. ముందు గురువారం సాయంత్రం సూపర్‌మార్కెట్ల వైపు పిల్లలతో వెళ్ళకండి.